అమ్మబోయే పాత ఫ్లాట్‌లో బాత్రూమ్ టైల్స్: పగలగొట్టకుండా, తక్కువ ఖర్చులో బాగుచేసుకోవడం ఎలా

పాత ఫ్లాట్ అమ్మకానికి పెడుతున్నామని తెలిస్తే చాలు, అందరూ ఇచ్చే మొదటి సలహా "ముందు బాత్రూములు కొత్తగా చేయించండి, రేటు పెరుగుతుంది" అని. ఆ మాట పట్టుకుని మేస్త్రీని పిలిపిస్తే టైల్స్ పగలగొట్టడం, ఆ పెంకులూ మట్టీ బస్తాలకెత్తి కిందకి దింపడం, వాటర్‌ప్రూఫింగ్, కొత్త పైపులు, కొత్త టైల్స్, కూలీ అంటూ లెక్క పెరిగి ఒక్క బాత్రూముకే లక్ష రూపాయలు తేలిగ్గా దాటిపోతుంది. అంత పెట్టినా ఆ డబ్బంతా అమ్మకం రేటులో తిరిగొస్తుందని నేను నమ్మను. పాతికేళ్ళ నాటి ఫ్లాట్ కొనేవాళ్ళలో చాలామంది చేరేముందు తమకి నచ్చినట్టు మార్పులు చేయించుకోవాలనే లెక్కలోనే ఉంటారు. మీరు ఎంతో చూసి వేయించిన గ్రే కలర్ టైల్ వాళ్ళకి నచ్చకపోతే అదీ పగిలిపోతుంది.

అలాగని ఉన్నది ఉన్నట్టు చూపించినా నష్టమే. బాత్రూమ్ తలుపు తీయగానే నల్లబడ్డ సందులు, కుళాయి చుట్టూ తెల్లటి ఉప్పు, కమోడ్ అడుగున పసుపురంగు గీత కనిపిస్తే చూడ్డానికి వచ్చినవాళ్ళకి అనుమానం మొదలవుతుంది, లీకేజీ ఉందేమో అని. ఆ తర్వాత హాలు ఎంత బాగున్నా బేరం మాత్రం ఆ అనుమానం దగ్గర్నుంచే నడుస్తుంది.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మల్కాజిగిరి లాంటి చోట్ల ఓ పాతికేళ్ళ కిందట కట్టిన అపార్ట్‌మెంట్లు గుర్తు తెచ్చుకోండి. గోడకి 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ఉన్న క్రీమ్ కలర్ టైల్స్, లేదా లేత గులాబీ, లేత నీలం. మధ్యలో పువ్వులో డాల్ఫిన్లో ఉన్న బోర్డర్. కింద అడుగు చదరం టైల్స్. ఆ బాత్రూముల్లో పాడైంది చాలావరకు టైల్ కాదు, టైల్‌కీ టైల్‌కీ మధ్య ఉన్న సందు. మెరుగు ఉన్న టైల్ ఇన్నేళ్ళ తర్వాత కూడా సరిగ్గా కడిగితే మెరుస్తుంది. సందుల్లో నింపిన వైట్ సిమెంట్ మాత్రం నీళ్ళు, నూనె, సబ్బు అన్నీ పీల్చుకుని నల్లబడి, అక్కడక్కడ రాలిపోయి ఉంటుంది. కాబట్టి మీ డబ్బూ శ్రమా ఆ సందుల మీద పెట్టండి, టైల్స్‌ని అలాగే ఉంచండి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

పని మొదలుపెట్టే ముందు లీకేజీ సంగతి తేల్చుకోండి

ఇది వదిలేసి నేరుగా తెల్లగా చేసుకుంటూ పోతే పెట్టిన ఖర్చంతా వృథా. ముందు కింద ఫ్లాట్ వాళ్ళని అడిగి వాళ్ళ బాత్రూమ్ పైకప్పు చూడండి. పెచ్చులు ఊడటం, తెల్లగా ఉప్పు పూయడం, చెమ్మ మరక, వీటిలో ఏదున్నా మీ వైపు నుంచి నీళ్ళు దిగుతున్నాయని అనుమానించాలి. మీ బాత్రూమ్ గోడకి అవతలి వైపున, అంటే బెడ్‌రూమ్ వైపు, కింది భాగంలో పెయింట్ ఉబ్బిందేమో కూడా చూడండి.

నిలవనీటి పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు బయటికి పోయే రంధ్రం) మీద జాలీ తీసి, తడిగుడ్డని పాలిథిన్ కవర్‌లో చుట్టి గట్టిగా బిగించి, గడప దాటకుండా ఓ అంగుళం ఎత్తున నీళ్ళు నింపండి. గోడ మీద పెన్సిల్‌తో నీటిమట్టం గుర్తు పెట్టి 24 గంటలు వదిలేయండి. తర్వాత కింద పైకప్పు చూడండి. నేల నుంచి దిగితే తెలిసిపోతుంది. నేల బాగానే ఉండి, బాత్రూమ్ వాడినప్పుడు మాత్రమే కింద తడి కనిపిస్తే డ్రెయిన్ పైపు జాయింట్లని అనుమానించాలి. ఎవరూ వాడకపోయినా రాత్రీ పగలూ తడి ఆరకపోతే అది ప్రెషర్‌తో నీళ్ళు వచ్చే పైపు పని. ఈ తేడా తెలుసుకుని ప్లంబర్‌ని పిలిస్తే అతను మొత్తం పగలగొట్టాలని చెప్పినప్పుడు మీరు ఎదురు ప్రశ్న వేయగలుగుతారు.

సందులు రాలిపోవడం వల్ల దిగే కొద్దిపాటి చెమ్మ మంచి గ్రౌటింగ్‌తో, అంటే ఆ సందుల్ని గ్రౌట్ అనే పొడి కలిపి మళ్ళీ నింపడంతో, చాలాసార్లు తగ్గుతుంది. కానీ పైపు లీకైతే, నేల కింద వాటర్‌ప్రూఫింగ్ పోతే గ్రౌట్ దాన్ని ఆపలేదు. అలాంటప్పుడు అయితే బాగుచేయించండి, లేదా కొనేవాళ్ళకి చెప్పి రేటు దగ్గర మాట్లాడుకోండి. పైపైన తెల్లగా చేసి దాచడం తప్పు, చట్టం కూడా ఒప్పుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 55 ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ రాసుకోకపోతే, అమ్మేవాళ్ళకి తెలిసి కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్ళు చెప్పి తీరాలి. ఒక కుటుంబం బ్యాంకు లోను తీసుకుని, ఉన్న బంగారం అమ్ముకుని ఆ ఇల్లు కొంటోంది. వానాకాలంలో కింది ఫ్లాట్ వాళ్ళతో వాళ్ళకి గొడవ మిగల్చకండి.

ఇంకో పరీక్ష: స్క్రూడ్రైవర్ పిడితోనో రూపాయి బిళ్ళతోనో ప్రతి టైల్‌నీ నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. గట్టిగా పట్టుకుని ఉన్న టైల్ మందంగా పలుకుతుంది, వెనక ఖాళీ ఉన్నది డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన వాటి మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి. గోడ మీద రెండు మూడు ఉంటే కంగారు లేదు, కదలకపోతే వాటి జోలికి పోకండి. నేల మీద, అందులోనూ స్నానం చేసే చోట డొల్లగా ఉంటే మాత్రం వాటిని తీసి మళ్ళీ అతికించాల్సిందే, లేకపోతే సందులో ఎంత మంచి గ్రౌట్ నింపినా అడుగు పడ్డప్పుడల్లా టైల్ కదిలి పగుళ్ళిస్తుంది.

కడగడం

సగం మార్పు ఇక్కడే వస్తుంది, ఖర్చు కూడా ఇక్కడే తక్కువ. కాకపోతే చాలామంది వరస తప్పుతారు, నేరుగా యాసిడ్ పోసేస్తారు. బాత్రూమ్ గోడ మీద పేరుకున్నది ఒకటే మురికి కాదు. తలనూనె, నలుగు, సున్నిపిండి, సబ్బు కలిసిన జిడ్డు పొర ఒకటి. దాని కింద బోరు నీళ్ళ ఉప్పు ఇంకొకటి. మన బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, నీళ్ళు ఆరినచోటల్లా ఆ తెల్ల పొర మిగులుతుంది. పైన జిడ్డు ఉండగా ఆమ్లం వేస్తే అది లోపలి ఉప్పు దాకా పోదు.

అందుకని మొదటి రోజు జిడ్డు పని చూడండి. ఒక బకెట్ వేడినీళ్ళలో గుప్పెడు చాకలి సోడా, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి గోడలన్నీ తడిపి, పావుగంట ఆగి నైలాన్ బ్రష్‌తో రుద్ది కడిగేయండి. గ్లవ్స్ వేసుకోండి, చాకలి సోడాకి చేతుల చర్మం ఒరిసిపోతుంది. స్టీల్ పీచు వాడొద్దు, గరుకు పచ్చ స్క్రబ్బర్ కూడా మెరుగున్న టైల్ మీద వద్దు, సన్న గీతలు పడి అక్కడ మురికి ఇంకా త్వరగా పడుతుంది. ఒక మాట, పసుపు మరకలున్న చోట సోడా నీళ్ళు తగిలితే అవి ఎర్రగా మారతాయి, భయపడకండి, అది పసుపు గుణం. కడిగాక మళ్ళీ పసుపురంగులోకి వస్తుంది, తర్వాత బ్లీచ్‌తో పోతుంది.

రెండో రోజు ఉప్పు. కిరాణా షాపుల్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, లీటరు గోరువెచ్చని నీళ్ళకి 50 నుంచి 100 గ్రాములు కలపండి. గోడని ముందు మామూలు నీళ్ళతో తడపండి, అప్పుడు సందుల్లోని సిమెంట్ నీళ్ళు తాగేసి ఆమ్లాన్ని ఎక్కువ పీల్చదు. తర్వాత టిష్యూ పేపర్లు లేదా పాత కాటన్ గుడ్డలు ఈ ద్రావణంలో ముంచి ఉప్పు బాగా పట్టినచోట గోడకి అంటించేయండి. కారిపోకుండా అక్కడే నిలబడి పనిచేస్తుంది. ఇరవై నిమిషాలయ్యాక తీసి రుద్దండి, పోకపోతే ఇంకోసారి. కుళాయిల కింద, గీజర్ పైపు కింద, బకెట్ పెట్టే చోట రెండు మూడు విడతలు పట్టొచ్చు. షవర్ జాలీ ఊడదీసి వెనిగర్‌లో అరగంట నానబెడితే మూసుకుపోయిన రంధ్రాలు తెరుచుకుంటాయి. ఇనుము ఎక్కువున్న నీళ్ళ వల్ల పడే తుప్పు రంగు చారలకి కూడా ఇదే పనిచేస్తుంది. మొండిగా ఉంటే మార్బుల్ పాలిష్ చేసేవాళ్ళు వాడే ఆక్జాలిక్ యాసిడ్ కొద్దిగా తెచ్చి, గ్లవ్స్‌తో, చాలా జాగ్రత్తగా వాడాలి.

వంటసోడా, వెనిగర్ కలిపి నురగ వస్తుంటే రుద్దమని చెప్పే చిట్కా ఒకటి బాగా తిరుగుతుంది. అందులో ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం, కలిపితే ఒకదాన్నొకటి చంపేసుకుని చివరికి ఉప్పునీళ్ళలాంటిదే మిగులుతుంది. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి.

ఇక బాత్రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. త్వరగా పనవుతుందని అందరూ దానికే మొగ్గుతారు. అది ఉప్పుతో పాటు సందుల్లోని సిమెంట్‌ని కూడా తినేస్తుంది, దాని ఆవిరికే కుళాయిల మెరుగు పోయి నల్ల మచ్చలు పడతాయి. ఒక్కసారి యాసిడ్‌తో కడిగిస్తే ఆ రోజు తెల్లగా కనిపించినా, సందులు గుల్లబారి రెండు నెలలకి ముందుకన్నా నల్లగా అవుతాయి. పైగా గడపకి వేసింది కడప రాయి అయినా, బయట తాండూరు, షాబాద్ బండలున్నా, అవన్నీ సున్నపురాయి జాతివి. యాసిడ్ చుక్క పడితే నురగ కక్కి మెరుగు పోతుంది, తిరిగి రాదు. నిమ్మ ఉప్పు నీళ్ళు కూడా వాటి మీద పడనివ్వకండి. యాసిడ్ చిల్లర అమ్మకాల మీద సుప్రీంకోర్టు 2013లోనే ఆంక్షలు పెట్టింది, అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. కమోడ్ లోపలికి టాయిలెట్ క్లీనర్ వాడండి, అక్కడ తప్పులేదు. గోడలకి, నేలకి వద్దు.

మూలల్లో నల్ల బూజుకి, పసుపు మరకలకి బ్లీచ్ నీళ్ళు బాగా పనిచేస్తాయి. కానీ దానికి మూడో రోజు కేటాయించండి. బ్లీచ్, ఆమ్లం ఒకదాంతో ఒకటి కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసి ఉన్న చిన్న బాత్రూములో అది ప్రాణాల మీదకి తెస్తుంది. నిమ్మ ఉప్పు అయినా, వెనిగర్ అయినా, టాయిలెట్ క్లీనర్ అయినా ఇదే మాట. పనిమనిషితో చేయిస్తుంటే దగ్గరుండి చెప్పండి, రెండు సీసాలూ ఒకేసారి ఆమె చేతికివ్వకండి. కిటికీ, తలుపు తెరిచి ఉంచండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పెట్టండి.

సందులు నింపడం

కడిగి బాగా ఆరాక చూస్తే ఏ సందు మంచిగా ఉందో, ఏది పోయిందో స్పష్టంగా తెలుస్తుంది. పాత గ్రౌట్ మీదే కొత్తది పులిమితే నెల తిరక్కుండా పెచ్చులుగా లేస్తుంది, దానికి పట్టు ఉండదు. కనీసం 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు వరకు పాతది గీకి తీయాలి. గ్రౌట్ గీకే పరికరం హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. లేదంటే యాక్సా బ్లేడు ముక్కకి ఒక వైపు గుడ్డ చుట్టి పట్టుకుని గీకినా పనవుతుంది. ఆ రోజుల్లో టైల్స్‌ని దాదాపు ఆనించి వేసేవారు కాబట్టి చాలాచోట్ల సందు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లకి మించదు, బ్లేడే దూరుతుంది. గ్రైండర్‌తో గీకుతానని కూలీ అంటే ఒప్పుకోకండి, అంత సన్నటి సందులో చక్రం కాస్త పక్కకి జరిగినా టైల్ అంచు లేచిపోతుంది, మళ్ళీ ఆ టైల్ మీకు దొరకదు.

గోడంతా గీకాలని లేదు. పాడయ్యేది నీళ్ళు కొట్టే కింది భాగమే. పాత బాత్రూముల్లో మూడు నాలుగు అడుగుల ఎత్తున ఆ పువ్వుల బోర్డర్ ఉంటుంది కదా, అక్కడి వరకు గీకి కొత్త గ్రౌట్ నింపి, పైన కడిగి వదిలేయండి. రంగులో కొద్దిపాటి తేడా వచ్చినా బోర్డర్ దగ్గర ఆగింది కాబట్టి కంటికి ఆనదు. పని సగానికి సగం తగ్గుతుంది. పైన కూడా సందులు గట్టిగానే ఉండి కేవలం మాసినట్టు ఉంటే గ్రౌట్ పెన్ను అని తెల్లటి రంగు పెన్ను దొరుకుతుంది, గీస్తే సరిపోతుంది. నేల మీద మాత్రం అది నాలుగు నెలలు కూడా నిలవదు.

గోడలకి ఇసుక కలవని సన్న సిమెంట్ గ్రౌట్ చాలు. వైట్ సిమెంట్ తెచ్చి నింపుదామని మేస్త్రీ అంటాడు, చవకే, కానీ ఆరేటప్పుడు బీటలిస్తుంది, త్వరగా నల్లబడుతుంది. గ్రౌట్ పొడిలో పాలిమర్ కలిపి ఉంటుంది, తేడా కేజీకి యాభై, వంద రూపాయల్లోనే. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ఉన్న బాత్రూముకి, వృథా కలుపుకుని కూడా, 2 కేజీలు సరిపోతుంది. రంగు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. క్రీమ్ కలర్ టైల్స్‌కి పాల తెలుపు గ్రౌట్ పెట్టకండి. ఆ తెలుపు పక్కన టైల్ ఇంకా పసుపురంగులో, ఇంకా పాతగా కనిపిస్తుంది. ఐవరీ రంగు తీసుకోండి. తెల్ల టైల్స్‌కి తెలుపే బాగుంటుంది. నేలకి లేత బూడిద రంగు మేలు, రేపు మురికి పడ్డా కనపడదు. ఏదైనా తలుపు వెనకాల మూడు నాలుగు సందుల్లో నింపి, ఆరాక చూసుకుని అప్పుడు మొత్తం మొదలుపెట్టండి, తడిగా ఉన్నప్పటి రంగుకీ ఆరిన తర్వాతి రంగుకీ చాలా తేడా ఉంటుంది.

నింపే పద్ధతి కష్టం కాదు, ఓపిక కావాలి. గీకిన దుమ్మంతా పాత పెయింట్ బ్రష్‌తోనో వ్యాక్యూమ్‌తోనో తీసేసి, సందుల్ని తడిగుడ్డతో కొంచెం తేమ చేయండి, నీళ్ళు నిలవకూడదు. అరకేజీ పొడికి మించి ఒకేసారి కలపకండి. ప్యాకెట్ మీద రాసిన కొలతకి నీళ్ళు పోసి, టూత్‌పేస్ట్ అంత గట్టిగా వచ్చేదాకా కలిపి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ కలపండి. పలచగా ఉంటే నింపడం సులువని నీళ్ళు ఎక్కువ పోస్తే ఆరాక కుంగిపోయి బీటలు వస్తాయి. రబ్బరు పలకతో సందుకి ఏటవాలుగా నొక్కుతూ లాగండి, సందు వెంబడి లాగితే నింపింది మళ్ళీ బయటికి వచ్చేస్తుంది. ఒక చదరపు గజం అయ్యాక పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి, నీళ్ళు బాగా పిండేసిన స్పాంజితో తేలిగ్గా తుడవండి. బకెట్లో నీళ్ళు తరచూ మార్చండి. మర్నాడు టైల్ మీద తెల్లటి మసక కనిపిస్తుంది, పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే పోతుంది. కనీసం 24 గంటలు ఆ బాత్రూమ్ వాడకూడదు, రెండు రోజులైతే ఇంకా మంచిది.

నేల మీద స్నానం చేసే చోట, నహానీ ట్రాప్ చుట్టూ, కమోడ్ చుట్టూ ఉన్న టైల్ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ వేయించగలిగితే వేయించండి. నీళ్ళు పీల్చదు, మరక పట్టదు. కాకపోతే సందు 2 మిల్లీమీటర్లన్నా ఉండాలి, పూర్తిగా పొడిగా ఉండాలి. అందులో రెజిన్ (జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది), పొడి అని మూడు భాగాలుంటాయి, కొలత తప్పితే గట్టిపడదు, కాబట్టి ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. కలిపాక ముప్పావుగంట లోపు నింపడం, తుడవడం రెండూ అయిపోవాలి. టైల్ మీద ఆరిపోయిందంటే వదిలించడం నరకం. ఇంతకుముందు ఈ పని చేసి చూపించగలిగిన మేస్త్రీకి ఇవ్వండి, ఒక రోజు కూలీ పోయినా పర్లేదు.

పగిలినవి, రంధ్రాలు, పెయింటు

పగిలిన టైల్‌కి జత కావాలంటే ముందు మీ ఇంట్లోనే వెతకండి. సజ్జ మీద, అటక మీద ఆనాటి మిగిలిన టైల్స్ ఒకటీ అరా ఉండే అవకాశం ఉంది. లేకపోతే వాష్‌బేసిన్ వెనక, గీజర్ వెనక, కనపడని చోట నుంచి ఒకటి నెమ్మదిగా ఊడదీసి కనపడే చోట పెట్టి, ఆ ఖాళీలో దగ్గరి రంగుది వేయొచ్చు. అదీ కుదరకపోతే జత కాని ఒక్క టైల్ అతికించి మచ్చలా వదిలేకంటే, ఆ వరస మొత్తం వేరే రంగు టైల్స్‌తో పట్టీలా మార్చడం బాగుంటుంది, కావాలనే పెట్టినట్టు కనిపిస్తుంది. హైదరాబాద్‌లో కోఠి దగ్గరి ట్రూప్ బజార్ లాంటి చోట్ల విడి టైల్స్ అడిగి చూడొచ్చు, చేతిలో పాత ముక్క పట్టుకెళ్ళండి, ఫోన్‌లో ఫోటో రంగు నమ్మదగింది కాదు.

పాత టవల్ రాడ్లు, సబ్బు పెట్టెలు తీసేసిన రంధ్రాలని మిగిలిన గ్రౌట్‌తో నింపి నున్నగా తుడిచేయండి. అంచు కొద్దిగా లేచిన చోట ఎం-సీల్ పెట్టి, ఆరాక సన్న ఉప్పుకాగితం పట్టి, దగ్గరి రంగు ఎనామిల్ ఒక చుక్క పెడితే రెండడుగుల దూరం నుంచి కనపడదు.

టైల్ పెయింట్ గురించి చాలామంది అడుగుతారు. గోడలకైతే, అదీ నీళ్ళు నేరుగా కొట్టని పై భాగానికైతే, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పెయింట్ వేసుకోవచ్చు. జిడ్డు పూర్తిగా తీసి, 220 నుంచి 320 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి, రెండు పలుచని కోట్లు వేసి వారం ఆరనివ్వాలి. ఈ పనిలో ఏది తగ్గించినా గోరు తగిలితే లేస్తుంది. నేలకి మాత్రం వద్దే వద్దు. బకెట్లు ఈడ్చి, మగ్గుతో పోసుకుని స్నానం చేసే మన బాత్రూమ్ నేల మీద పెయింట్ నిలవదు. ఇల్లు కొన్నవాళ్ళకి మొదటి నెలలోనే పెచ్చులు లేస్తే వాళ్ళు మిమ్మల్ని ఏమనుకుంటారో ఆలోచించండి. వినైల్ స్టిక్కర్లు కూడా అంతే, తేమకి మూలలు లేచి, వెనక బూజు చేరుతుంది. నేనైతే రెండూ వదిలేసి ఆ డబ్బు కుళాయిలకి పెడతాను.

టైల్ మీద టైల్ వేయించడం ఇంకో దారి. నేల ఓ అర అంగుళం లేస్తుంది, తలుపు కింద కోయాలి, నహానీ వైపు వాలు మళ్ళీ సరిచూసుకోవాలి. అమ్మబోయే ఇంటికి ఇంత అక్కర్లేదు.

చివరి పనులు

గోడ, నేల కలిసే మూలలు, వాష్‌బేసిన్‌కీ గోడకీ మధ్య, కమోడ్ అడుగు చుట్టూ గ్రౌట్ నిలవదు, అక్కడ కదలిక ఉంటుంది కాబట్టి బీటలిస్తుంది. ఈ చోట్లకి బూజు పట్టని శానిటరీ సిలికాన్ వాడాలి. పాత సిలికాన్ నల్లబడితే కడిగినా పోదు, బూజు లోపలికి దిగి ఉంటుంది, బ్లేడుతో మొత్తం కోసి తీసేయండి. రెండు వైపులా మాస్కింగ్ టేప్ అతికించి, సన్నటి గీతలా సిలికాన్ వేసి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒకే లాగుడులో నున్నగా చేసి, వెంటనే టేప్ లాగేయండి. ఒక రోజు నీళ్ళు తగలనివ్వొద్దు. వానాకాలంలో ఇంకో రోజు ఎక్కువ ఆగండి. కమోడ్ చుట్టూ ఆ పసుపురంగు గీత పోయి శుభ్రమైన తెల్ల గీత కనిపిస్తే బాత్రూమ్ మొత్తం వేరేగా అనిపిస్తుంది, మూడు వందల రూపాయల లోపు ట్యూబుతో అయ్యే పని అది.

తర్వాత జాలీ మార్చండి, హెల్త్ ఫాసెట్ మార్చండి, పచ్చబడ్డ ప్లాస్టిక్ మూతలు, పగిలిన స్విచ్ ప్లేట్, మసకబారిన అద్దం మార్చండి. కారుతున్న కుళాయికి వాషర్ వేయించండి. చూడ్డానికి వచ్చినవాళ్ళు తప్పకుండా కుళాయి తిప్పి చూస్తారు. పసుపు వెలుతురు బల్బు ఉంటే తీసేసి 4000 కెల్విన్ నుంచి 6500 కెల్విన్ మధ్య ఉండే ఎల్‌ఈడీ పెట్టండి, పసుపు వెలుతురులో క్రీమ్ టైల్స్ మురికిగా కనిపిస్తాయి.

పనంతా మీరే చేసుకుంటే సామాన్లకి బాత్రూముకి మూడు, నాలుగు వేల రూపాయల్లో తేలుతుంది, మేస్త్రీని రెండు రోజులు పెట్టుకుని కుళాయిలు కూడా మారిస్తే ఎనిమిది, పది వేలు. ఊరిని బట్టి, మీరు కొనే కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇంట్లో రెండు బాత్రూములుంటే ఒకటి పూర్తయ్యి వాడకంలోకి వచ్చాకే రెండోది మొదలుపెట్టండి, లేకపోతే ఇంట్లో అందరికీ టెన్షన్. ఫోటోలు తీసే రోజుకి కనీసం రెండు వారాల ముందు మొదలుపెడితే ఏదీ హడావిడిగా చేయక్కర్లేదు. కొత్త సిలికాన్, కొత్త గ్రౌట్ వాసన కూడా ఆ లోపు పోతుంది.

చూడ్డానికి వస్తామన్న రోజు ఉదయం స్నానాలు పెందలాడే ముగించి, వైపర్‌తో నేల, గోడల కింది భాగం తుడిచి, బకెట్లూ సబ్బులూ బయటపెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఓ గంట తిప్పి ఆపండి. రూమ్ స్ప్రే కొట్టకండి, ఘాటు వాసన వస్తే ఏదో దాస్తున్నారని అనుకుంటారు. ఏం చేయించారని అడిగితే ఉన్నది చెప్పండి: టైల్స్ పాతవే, కింది భాగం సందులు కొత్తగా నింపించాం, నేల మీద నీళ్ళు నిలబెట్టి చూశాం, కింద ఫ్లాట్‌లోకి దిగలేదు అని. కావాలంటే కింది ఇంటికి తీసుకెళ్ళి పైకప్పు చూపించండి. మిగిలిన గ్రౌట్ పొడి గాలి తగలకుండా డబ్బాలో పెట్టి, రంగు పేరు రాసున్న ప్యాకెట్ ముక్క, మిగిలిన టైల్స్ ఉంటే అవి, తాళాలతో పాటు వాళ్ళకి ఇచ్చేయండి.